ఇంగ్లీషులో అమ్మ

చింతపండు గింజలు తీస్తూ వరండాలో కూర్చున్నాను. స్తంభానికి ఆనుకుని నా కూతురు పాఠం అప్పజెప్పుకుంటోంది. ఐదో తరగతి పిల్ల. కళ్ళు మూసుకుని, ఊగుతూ, ఊపిరి తీయకుండా చెబుతోంది. "మై మదర్ ఈజ్ టాల్ అండ్ ఫెయిర్ ఫుల్‌స్టాప్ షీ గెట్స్ అప్ అర్లీ ఇన్ ది మార్నింగ్ కామా టేక్స్ హర్ బాత్ కామా అండ్ ప్రేస్ టు గాడ్ ఫుల్‌స్టాప్."

పొడుగ్గా, తెల్లగా ఉండే తల్లి గురించి చెబుతోంది. నేను పొట్టి. నలుపు. పొద్దున్నే లేస్తానన్న మాట ఒక్కటే నిజం, మా ఆయన్ను ప్యాసింజరు రైలుకు పంపాలి కాబట్టి.

"పాపా, ఎవురు తెల్లగా ఉండేది?" అన్నాను.

"మై మదర్."

"అంటే?"

"మా అమ్మ."

"మీ అమ్మ తెల్లగా ఉండాదా?"

కళ్ళు తెరిచి నన్ను పైనుంచి కిందికి చూసింది. నవ్వలేదు. ఏమీ తెలియని మనిషికి ఓపిగ్గా చెప్పినట్టు చెప్పింది. "నువ్వు గాదుమా. ఇది ఇంగ్లీషులో అమ్మ."

నాకు భయం పట్టుకున్నది అప్పుడే. నల్లగా ఉన్నానన్న బాధ కాదు. ఇంగ్లీషంటే మన ఇంట్లో లేని మనుషుల గురించి చెప్పే భాష అని ఈ పిల్ల ఇప్పటికే తీర్మానించేసుకుంది. రేపు ఆ భాషలో తనకు ఆకలి వేస్తోందని రాయాల్సి వచ్చినా, ఎవరి ఆకలో వెతుక్కుంటుంది.

తమిళనాడు అంచునున్న మా తిరుత్తణిలో ఇంగ్లీషు మీడియం అంటే ఒక మిద్దె మీద నాలుగు గదులు. నడిపే సారు మంచి మనిషి. పిల్లల్ని కొట్టడు. ఆయన పద్ధతి ఒకటే. వ్యాసాన్ని కామాలు, చుక్కలతో సహా పైకి చెప్పి రాయిస్తాడు. పిల్లలు కామాలు, చుక్కలతో సహా నోటికి నేర్చుకుంటారు. బట్టీ పట్టడాన్ని మా వైపు అరవ మాటలోనే మనప్పాడం అంటారు. ఆ మాటలో తప్పేమీ వినిపించదు ఎవరికీ, పూజ చేయడంలాంటి పని అది. అలా ఊళ్ళో తల్లులందరూ తెల్లగా ఉన్నారు, తండ్రులందరూ ఆఫీసర్లు, ఆవులన్నీ సాధువులు.

నా కొడుకు రెండో తరగతి. వాడు అన్నం దగ్గర "ఇంకొంచెం పప్పు కామా నెయ్యి ఫుల్‌స్టాప్" అంటే మా మామ మురిసిపోయేవాడు. చెరుకు బండి తోలుకొచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి వాడి చేత ఆవు వ్యాసం చెప్పించేవాడు. వాళ్ళు తలపాగా తీసి వినేవాళ్ళు.

ఈ ఊళ్ళో ఇంగ్లీషు చదువు ఐదుతో ఆగిపోతుంది. ఆరో తరగతికి తిరువళ్ళూరులో ఆడపిల్లల స్కూలు ఒకటి ఉంది. పాప పొద్దున నాయనతో రైలెక్కి అక్కడ దిగిపోవచ్చు, ఆయన అంబత్తూరు ఫ్యాక్టరీకి పోవచ్చు. కానీ సీటు కావాలంటే పరీక్ష రాయాలి. అందులో ఒక వ్యాసం. సారు రాయించే పదిలో ఏదో ఒకటి తప్పక వచ్చేది. అందుకే ఆయన పిల్లలకు సీట్లు వచ్చేవి. సీటు రాకపోతే పాపకు మిగిలేది ఊళ్ళో సర్కారు బడి, అరవ మీడియం. మా ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు, జబ్బు పేరు అననట్టు.

అయినా నేను పూనుకున్నాను.

బి.ఏ. దాకా నాకు ఇంగ్లీషు చెప్పిన వాళ్ళెవరూ చెప్పని సంగతి ఒకటి నాకు పెళ్ళయ్యాక తట్టింది. శెట్టి కొట్టులో సరుకులు చుట్టి ఇచ్చిన ఇంగ్లీషు పేపరు ముక్కలు పొయ్యి దగ్గర పైకి చదువుకునేదాన్ని. మన తెలుగులో వాక్యం చివర క్రియ వచ్చి కూర్చుంటుంది. రైలు వచ్చింది అనగానే మాట ముగిసిందని వినేవాడికి తెలిసిపోతుంది. చుక్క పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది. ఆ తరువాత వాక్యం ఎంత దూరమైనా పోవచ్చు. ఎక్కడ ఆగిందో చెప్పడానికి చుక్క తప్ప వేరే దిక్కు లేదు. పైగా మనం పనులు వరసగా చెప్పాలంటే లేచి, ఊడ్చి, నీళ్ళు పట్టి అంటూ పోతాం. అదే అలవాటుతో ఇంగ్లీషులో వాక్యం వెనక వాక్యాన్ని కామాతో తగిలించేస్తాం. తెలివి తక్కువై చేసే తప్పు కాదు అది. తెలుగు వచ్చినందువల్ల చేసే తప్పు. ఎందుకు చేస్తున్నామో తెలిస్తే మానుకోవచ్చు.

పిల్లలకు ఇది మాటల్లో చెబితే ఎక్కదు. అందుకని వాకిట్లో నడిపించాను. ఇద్దరి చేతా పుస్తకం పట్టించి, పైకి చదువుతూ నడవమన్నాను. చుక్క వస్తే రెండు కాళ్ళూ చేర్చి నిలబడాలి. కామా వస్తే నడక మెల్లగా చేయాలి, నిలబడకూడదు. చుక్క అన్న మాట నోటితో అనకూడదు. మొదటి రోజు చిన్నవాడు చుక్క దగ్గర ఆగలేక గుమ్మానికి గుద్దుకున్నాడు.

మా మామ తిన్నె మీద నుంచి చూశాడు. "ఏమ్మా, ఇంగ్లీషు చెప్తా ఉండావా, పోలీసోళ్ళకు డ్రిల్లు చెప్తా ఉండావా?"

"ఇంగ్లీషే మామా."

"సారు చెప్పేది చాలదా? నువ్వు సుమ్మా ఉంటే పాపకు సీటొచ్చేస్తాది."

సుమ్మా, అంటే ఊరికే, ఉండడం నాకు చేతకాలేదు. తరువాత పాప చేత సొంతంగా రాయించడం మొదలుపెట్టాను. రోజుకు కాస్త, ఏదైనా సరే, కళ్ళారా చూసింది. మొదట్లో రాయడానికి ఏమీ లేదని ఏడ్చేది. "మన ఇంట్లో ఏముందిమా రాసేదానికి?" అనేది. తరువాత తరువాత, బల్లి గురించి రాసింది. గుండు గీయించుకుని కొండ మీది గుడి మెట్లు దిగే వాళ్ళ తలల మీద చందనం గురించి రాసింది. తప్పులు బోలెడు. కానీ ఆ బల్లి మా ఇంటి బల్లే.

ఒక రోజు సారు ఇంటికే వచ్చాడు. కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టి, మామ వైపు చూస్తూ నాతో మాట్లాడాడు. "అమ్మా, మీరు ఇంట్లో చెప్పేది ఆపేస్తే మంచిది. పాప కన్‌ఫ్యూజ్ అవతా ఉండాది. నేను రాయించిందానిలో కామాలన్నీ కరెక్టుగా ఉండాయి గదా."

"ఉండాయి సార్. అవి ఆడ ఎందుకుండాయో పాపకు తెలియాల గదా."

"ఎందుకని అడిగితే ఎట్లమ్మా? కొండమీద అయ్యోరు మంత్రం చెప్తాడు. అర్థం చెప్పి చెప్తాడా? అర్థం తెలియకపోతే దేవుడు వద్దంటాడా?"

"అది గదా మాట," అన్నాడు మామ.

"మంత్రమైతే దేవుడు వింటాడు సార్," అన్నాను. "ఇది మనుషులు చదివేది."

సారు లేచి చెప్పులు వేసుకున్నాడు. కోపం రాలేదు ఆయనకు, జాలిపడ్డాడు. "సీటు పోతే నన్ను అనొద్దు తాతా," అని మామతో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి పరీక్ష దాకా పట్టుదలకూ భయానికీ మధ్య నాకేమీ తేడా తెలియని రోజులవి. పాప నోటికి వచ్చిన వ్యాసాన్ని నేను చెరిపేయలేను. అది అలాగే ఉంది ఆ తలలో. పరీక్షలో ఏది రాయాలో మాత్రం చెప్పాను. "నీకు తెలిసిందే రాయి. నీ కంటితో చూసిందే రాయి."

పరీక్షలో వచ్చింది 'మై మదర్'.

ఫలితాల రోజు తిరువళ్ళూరు స్కూలు వరండాలో మా సారు దగ్గర చదివే పిల్లల తల్లులు చాలామంది కనిపించారు. వాళ్ళను గుమాస్తా పిలిచి సీటు రసీదు ఇచ్చి పంపేశాడు. మమ్మల్ని మాత్రం హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి రమ్మన్నారు. ఆమె కాగితం నా వైపు తిప్పింది. నిండా ఎర్ర ఇంకు.

పాప రాసిన ఇంగ్లీషును తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: మా అమ్మ పొట్టి, ఆమె నలుపు, రైలు కూత వినబడితే ఇప్పుడు నాయన అరక్కోణంలో ఉంటాడు అంటుంది, ఆమెకు అన్నీ అంటే భయం, బల్లంటే భయం, ఉరుమంటే భయం, నా పరీక్షంటే భయం, తాతంటే మాత్రం భయం లేదు.

ఒక్క చుక్క. అది చివర. వాకిట్లో అంత నడిచినా, పరీక్ష తొందరలో పిల్ల తెలుగులో పరిగెత్తింది.

"మీ స్కూలు పిల్లలెవరూ ఒక్క తప్పు చేయలేదు," అంది హెడ్‌మిస్ట్రెస్ ఇంగ్లీషులో. నేనూ ఇంగ్లీషులోనే, వాళ్ళందరూ ఒకే తల్లి గురించి రాశారు కదా అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి అరవంలోకి దిగింది. మాటలో కాఠిన్యం లేదు. "నాకు తెలియదా అమ్మా? ఏటా అదే తల్లిని దిద్దుతున్నాను. కానీ కమిటీ వాళ్ళు చూసేది ఎర్ర ఇంకే. పాప చురుకైనది. మీ సారు నేర్పిన వ్యాసం పాపకూ వచ్చుగా? ఇక్కడే కూర్చుని రాసి ఇవ్వమనండి. దీన్ని తీసేసి అది పెడతాను. సీటు ఇచ్చేస్తాను."

తెల్ల కాగితం, పెన్ను పాప ముందుకు జరిపింది. పాప పెన్ను మూత తీసి నా వైపు చూసింది. రాయమంటే చాలు. ఆ పిల్ల కళ్ళు మూసుకునైనా రాస్తుంది.

"మేడమ్, తను రాసిందాన్నే తనే దిద్దుతుంది," అన్నాను. "మీ ఎదురుగానే. ఎక్కడ ఆగాలో తనకు తెలుసు, తొందరలో పోయింది. దిద్దింది చూసి సీటు ఇవ్వండి."

"ఒక్క పిల్లకు ఒక పద్ధతి పెట్టలేను. నేను చేయగలిగింది చెప్పాను."

"అయితే వద్దు మేడమ్."

నా నోట్లోంచి అది వచ్చాకే నాకు వినబడింది. హెడ్‌మిస్ట్రెస్ పాప రాసిన కాగితం మడిచి ఇచ్చేసింది. "ఇది మాకు అక్కర్లేదు, తీసుకుపోండి. స్కూలు తెరిచేదాకా ఆలోచించుకోండి."

ప్లాట్‌ఫారం మీద పాప నాకు దూరంగా, మంచినీళ్ళ కుళాయి దగ్గర నిలబడింది. బండి కనబడ్డాక దగ్గరికి వచ్చింది. "నాకు మనప్పాడం వచ్చు గదుమా," అంది. "రాసుంటే అయిపోయేది గదా."

"అయిపోయేది," అన్నాను. బండిలో కిటికీ పక్క చోటు ఇచ్చినా కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడి వచ్చింది.

మామకు చెప్పగానే తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన కోపానికి అది గుర్తు. "చేతికిచ్చిన సీటు వద్దని వచ్చినావా? అడుక్కుంటే దొరకదే అది. ఎవురికోసరం చేసినావమ్మా ఇది? పాపకోసరమా, నీ కోసరమా?"

"ఇద్దరి కోసరం మామా."

"పాప అడిగిందా?"

ఆయన ఆ ఒక్క మాట సరిగ్గానే అడిగాడు. ఇదంతా రాస్తున్నప్పుడు కూడా అది నన్ను వదలలేదు. అడగలేదు పాప. పప్పులో నెయ్యి అడుగుతుంది గానీ, తన మాట తనకు కావాలని పదేళ్ళ పిల్ల ఏం అడుగుతుంది. ఆ అడగడం తల్లి పని అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని, కాగితం ఇవ్వమన్నాడు. ఐ.టి.ఐ. చదివిన మనిషి, ఇంగ్లీషు వేలు పెట్టుకుని చదువుతాడు. అరక్కోణం దగ్గర వేలు ఆగింది. తాత దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక మామకు వినబడకుండా తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"బాగుండాది," అన్నాడు.

"తప్పులుండాయి."

"ఉండనీ. దీంట్లో నువ్వుండావు." కాగితం మడిచి నా చేతికి ఇచ్చాడు. "సీటు పోయింది, అది గూడా నిజమే. ఇప్పుడేం చేస్తావు?"

తెల్లవారి, ఆయన రైలుకు పోయాక, పాపకు జడ వేస్తూ చిన్నవాణ్ణి కూడా దగ్గర కూర్చోమన్నాను. పాప ఇంకా నాతో మాట్లాడడం లేదు. జడ గట్టిగా లాగినా కిక్కురుమనలేదు.

"ఇద్దరూ వినండి," అన్నాను. "ఈ పొద్దు ఆ పేపరు తీసుకోని వాకిట్లో నడుద్దాం. నిలబడిన చోటల్లా పాప చుక్క పెడతాది, నేను ముట్టుకోను. దిద్దింది తెల్ల కాయితంలో ఎత్తి రాసినాక, మళ్ళా తిరువళ్ళూరు పోయి ఆ మేడమ్ బల్ల మీద పెట్టేసి వద్దాం. తీసుకుంటే సరి. తీసుకోకపోతే పాప సర్కారు బడికి పోతాది, అరవం బాగా నేర్చుకుంటాది, ఇంగ్లీషు సాయంత్రం నా దగ్గర. తాత అరుస్తాడు, అరవనీ. నాకు భయంగానే ఉండాది. అయినా పోదాం. లే పాపా, పెన్సిలు చెక్కు."