పొమ్మనలేని మనిషి, పడుకోని కంప్యూటరు

భూకంపం వచ్చి తలుపు తట్టినా, “రండి, లోపలికి రండి, చెప్పులు అక్కడ విడవండి” అనగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా తాతయ్య. ఆ భూకంపం కూడా కాసేపు కూర్చుని, టీ తాగి, వచ్చిన పని మరిచిపోయి, “ఇల్లు బాగుందండీ, ఎప్పుడు కట్టారు?” అని అడిగి వెళ్ళిపోతుందని నేను పందెం కాస్తాను. తాతయ్య ఎవరినీ పొమ్మనలేడు. మనిషిని, పిల్లిని, టెలిఫోనులో గొంతుని, దేన్నీ.

ఒకప్పుడు నీళ్ళ ఫిల్టర్లు అమ్ముకునే ఒకాయన మా ఇంటికొచ్చాడు. తాతయ్యకి ఫిల్టరు అక్కర్లేదు. కానీ అక్కర్లేదంటే ఆయన వెళ్ళిపోవాలి, అది తాతయ్య వల్ల కాదు. అందుకని ఫిల్టరు గురించి పూర్తిగా విన్నాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. మధ్యలో భోజనం వేళయింది. ఆ తర్వాత ఆయన కంపెనీ మూతపడింది, ఆయనకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఇప్పటికీ రోజూ వచ్చి కూర్చుంటాడు. మా ఇంట్లో ఈ రోజుకీ ఫిల్టరు లేదు, ఫిల్టరు మామయ్య మాత్రం ఉన్నాడు.

రాంగ్ నంబర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరో గ్యాసు కంపెనీ అనుకుని చేస్తే తాతయ్య, “కాదమ్మా” అని ఊరుకోడు. గ్యాసు ఎప్పుడయిపోయింది, ఇంట్లో ఎంతమంది, ఈ పూట వంటెలాగ అని అడుగుతాడు. ఆవిడ ఇప్పుడు అప్పుడప్పుడూ ఫోన్ చేసి తాతయ్య మోకాలు ఎలా ఉందో కనుక్కుంటుంది. ఫోన్ పెట్టేసే బాధ్యత ఎప్పుడూ అవతలివాళ్ళదే.

క్షవరానికి వెళ్తే మరీ ఘోరం. బార్బరు పాపం ఇష్టంగా కత్తిరిస్తూ ఉంటాడు, “చాలు” అని తాతయ్య అనలేడు. తల నున్నగా మెరిసిపోతూ ఇంటికొస్తాడు.

“మళ్ళీ ఏమిటండీ ఇది?” అంటుంది అమ్మమ్మ.

“అతను మంచి ఊపులో ఉన్నాడే, ఎలా ఆపమంటావు?” అంటాడు తాతయ్య.

తాతయ్యది ఇంటి ముందుగదిలో టైపు చేసి, అచ్చు వేసి ఇచ్చే షాపు. విజిటింగ్ కార్డులు, సీసాల మీద అంటించే లేబుళ్ళు, ఎదురువీధి బడి వాళ్ళ పరీక్ష పేపర్లు. షాపులో మంచి కుర్చీ ఒకటే. అందులో పిల్లి పడుకుంటుంది కాబట్టి తాతయ్య నిలబడే టైపు చేస్తాడు. రోజూ పొద్దున కంప్యూటరు వేయగానే అందులోంచి జలుబు చేసినట్టుండే ఒక గొంతు, “రా, కూర్చో, తొందరేం లేదు” అంటుంది. అచ్చుకోసం వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళని లేపేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి అలాగే ఉండిపోతారు. అమ్మమ్మ ఫ్లాస్కు ఎప్పుడూ నిండుగా ఉండాలి.

ఇక నా సంగతి. బడి నన్ను సగం దారిలో దింపేసింది. పక్క వీధిలో ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే కౌంటరు నడుపుతున్నాను. తాతయ్య నన్ను గడుగ్గాయి అంటాడు. ఆ పేరే కౌంటరు బోర్డు మీద వేయిద్దామనుకున్నాను గానీ అమ్మమ్మ ఒప్పుకోలేదు.

మొన్న పొద్దున్నే అమ్మమ్మ ఫోన్. “ఒసే, నువ్వు వెంటనే రా. మీ తాతయ్య కంప్యూటర్ని ఏదో చేశారు. అది ప్రెషర్ కుక్కర్‌లా అరుస్తోంది.”

వెళ్ళేసరికి నిజంగానే అరుస్తోంది. ఫ్యాను గొంతు వీధి చివరికి వినిపిస్తోంది. పెట్టె మీద చెయ్యి పెడితే కాలింది. పిల్లి వెచ్చగా ఉందని కుర్చీ వదిలేసి దాని మీదకెక్కి పడుకుంది. ఖాళీ అయిన కుర్చీలో బడి పెద్ద టీచరుగారు కూర్చుని ఉన్నారు, చేతులు కట్టుకుని.

“ఏం చేశావు తాతయ్యా?”

“నేనేం చేయలేదే. పైకి ఎదగనా, కొత్త వెర్షన్‌లోకి మారనా అని రోజూ వచ్చి అడుగుతోంది. ఎన్నిసార్లని తర్వాత రమ్మంటాం? మొహమాటం వేసింది. సరేలెమ్మన్నాను.”

“పరీక్ష పేపర్లు ఇవ్వాల్సిన రోజునా?”

“అది మాత్రం పాపం, దానికేం తెలుసు?”

పెద్ద టీచరుగారు మెల్లగా అన్నారు. “పెద్దాయనా, మీరంటే నాకు గౌరవమే. కానీ రేపు పొద్దున పరీక్ష. మధ్యాహ్నం బడి వదిలేలోపు పేపర్లు నా చేతిలో లేకపోతే నేను అవతలి వీధి పెద్ద ప్రెస్సుకి ఇచ్చేయాలి. ఈసారి వాళ్ళకిస్తే మా కమిటీవాళ్ళు ఇక ఎప్పటికీ వాళ్ళకే ఇమ్మంటారు.”

బడి పని పోతే షాపులో మిగిలేది పిల్లీ, ఫిల్టరు మామయ్యా. అమ్మమ్మ ఫ్లాస్కు మూత బిగిస్తూ నా వంక చూసింది. తాతయ్య మాత్రం, “టీచరమ్మగారూ, ఇంకొంచెం టీ?” అన్నాడు.

మౌసు కదిలిస్తే బాణం గుర్తు నిద్రలో నడిచినట్టు నడుస్తోంది. లోపల ఎవరెవరు పనిచేస్తున్నారో చూపించే పట్టిక తెరిచాను. ప్రాసెసరు నూటికి నూరు. ఇంచు కూడా ఖాళీ లేదు.

“కొత్తగా మారాక కొంతసేపు ఇలాగే ఉంటుంది టీచరుగారూ. ఇల్లు మారినవాళ్ళు సామాను సర్దుకున్నట్టు, లోపలున్న ఫైళ్ళన్నీ ఎక్కడున్నాయో చూసుకుంటుంది,” అన్నాను, నాకు నేనే ధైర్యం చెప్పుకుంటూ. రీస్టార్ట్ చేశాను. ఇంకా మిగిలిన అప్‌డేట్లు వేశాను. సర్దుకోవడం అయిపోయింది. అరుపు మాత్రం ఆగలేదు.

అప్పుడు బయటపడింది అసలు సంత. మనుషులతో ఎలాగో కంప్యూటరుతోనూ తాతయ్య అలాగే ఉన్నాడు. నెల రోజులు వాడి చూడమని వచ్చిన ప్రతి ప్రోగ్రామూ అందులోనే కాపురం పెట్టింది. వాతావరణం చెప్పేవి, బొమ్మలు మార్చేవి, గడియారాలు. యాంటీవైరస్‌లే మూడు. అవి మూడూ ఒకదాన్నొకటి దొంగ అనుకుని వెంటపడుతున్నాయి.

“వీటిల్లో ఒక్కటి చాలు తాతయ్యా. మిగతావి తీసేస్తున్నాను.”

“మరీ అంత మొహం మీద చెప్పేస్తే ఎలా? పాపం ఆ రెండోదాని గడువు ఎప్పుడో అయిపోయినా జీతం భత్యం లేకుండా కాపలా కాస్తోంది.”

“కాపలా కాదు, పక్కవాడి జుట్టు పట్టుకుని లాగుతోంది.”

ఫిల్టరు మామయ్య సర్దిచెప్పబోయాడు. “పోనీ ఉండనివ్వమ్మా, ఓ మూల...” అని, నా చూపు చూసి, తన సంగతి కూడా గుర్తొచ్చిందేమో, టీ గ్లాసులోకి తల దించేశాడు.

ఒక్కొక్కదాన్నీ తీసేశాను. తీసినప్పుడల్లా తాతయ్య కళ్ళు మూసుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. అరుపు కొంత తగ్గింది. కానీ పని జరిగేంత కాదు. అచ్చు వేయమంటే ప్రింటరు ఒక కాగితం సగం బయటికి తీసి, ఆలోచిస్తూ నిలబడింది. పెద్ద టీచరుగారు గోడ గడియారం చూసి, చేతిసంచి ఒళ్ళోకి తీసుకున్నారు.

పట్టిక పై వరసలో ఇంకో ప్రోగ్రాము ఉంది. పాతకాలంది, పేరు కూడా సరిగ్గా కనిపించడం లేదు. అదొక్కటే ముప్పావు ప్రాసెసరు మింగేస్తోంది. లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. కొత్త వెర్షన్‌లో దానికి కావలసిందేదో లేదు. ఎన్నిసార్లు పడినా మళ్ళీ లేవమని ఎవరో గట్టిగా పురమాయించి పెట్టారు.

“దొరికావు,” అన్నాను. దాన్ని ఎంచుకుని తీసేయబోయాను.

“చెయ్యి తియ్యి! పో అవతలికి!”

గది గదంతా కొయ్యబారిపోయింది. ఆ మాట అన్నది మా తాతయ్య. ఫిల్టరు మామయ్య తననే అన్నాడనుకుని లేచి చెప్పులు వెతుక్కున్నాడు. పెద్ద టీచరుగారు లేచి నిలబడ్డారు. పిల్లి కిందికి దూకింది. అందరికంటే ఎక్కువ అదిరిపోయింది తాతయ్యే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “అయ్యయ్యో, కూర్చోండి, అందరూ కూర్చోండి, మిమ్మల్ని కాదు,” అంటూ ఒక్కొక్కరినీ భుజం పట్టి కూర్చోబెట్టాడు.

“మరి నన్నా?” అన్నాను.

అమ్మమ్మే అందుకుంది. “దాన్ని ముట్టుకోకే. అది నీ గొంతు.”

“నా గొంతేమిటి?”

“పొద్దున్నే ‘రా, కూర్చో’ అంటుంది చూడు, అదీ. ఈ రోజు పలకలేదు, చూసుకున్నావా?”

నిజమే. ఫ్యాను అరుపులో ఎవరూ గమనించలేదు. పాపం అది లోపల మాట పెగలక కొట్టుకుంటోంది.

చిన్నప్పుడు అక్షరాలు నా కళ్ళ ముందు నిలబడేవి కావు. చీమల పుట్టలో నీళ్ళు పోసినట్టు కదిలిపోయేవి. అప్పటి మాస్టారు ఎవరో నాకు చదువు రాదు, ఇక రానక్కర్లేదు పొమ్మని పంపేశారు. తర్వాత నాకు తాతయ్య షాపే బడి. పాఠాలు తాతయ్య టైపు చేసేవాడు, కంప్యూటరు ముక్కుతో చదివి వినిపించేది, నేను వింటూ అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ పోయేదాన్ని. అలా నిదానంగా చదవడం వచ్చింది. అదంతా నాకు తెలుసు. ఆ ప్రోగ్రాము ఎప్పుడో పోయిందనీ, పొద్దున పలకరింపు అచ్చుకోసం వచ్చేవాళ్ళకనీ అనుకున్నాను.

“వచ్చేవాళ్ళకా?” అమ్మమ్మ నవ్వింది. “ఈయన సంగతి నీకేం తెలుసు! అంతకుముందు షాపు ముందు ఈగని కూడా నిలబడనిచ్చేవారు కాదు. ‘పనుంటే చెప్పు, లేకపోతే నడు’ అనేవారు. ఊరంతా కారప్పొడి అనేది. నువ్వు ఆ రోజు సంచి ఈడ్చుకుంటూ వచ్చి ఆ గుమ్మంలో నిలబడ్డావు. లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు. అంతే. ఆ పూటే కంప్యూటరుకి ‘రా, కూర్చో’ అనడం నేర్పారు. ఆ మర్నాటినుంచి ఈయన నోట ‘పో’ అన్న మాట నేను వినలేదు. మళ్ళీ ఇదిగో, ఇవాళే.”

“ఆ మాట అనిపించుకున్న మొహం ఎలా ఉంటుందో చూశాను కదే,” అన్నాడు తాతయ్య ప్రింటరు వైపు తిరిగి. “ఇంకోటి చూడలేను.”

ఫిల్టరు మామయ్య ముక్కు చీదాడు. ఆయన ఇన్నేళ్ళూ తాగిన టీ అంతా నా ఖాతాలోదేనని నాకప్పుడు తెలిసింది.

ఏడవడానికి టైము లేదు, పేపర్లున్నాయి. మా కౌంటరుకి పరిగెత్తి, మూల పడేసి ఉన్న పాత కంప్యూటరు ఒకటి పట్టుకొచ్చాను. ఇంటర్నెట్ లేదు, కొత్త వెర్షన్ గోల లేదు. ఆ గొంతుని అందులోకి మార్చాను. అప్పుడు పెద్ద కంప్యూటరులోంచి తీశాను.

“పొమ్మనలేదు తాతయ్యా. పక్క కుర్చీలోకి జరగమన్నాను.”

అరుపు ఆగిపోయింది. ప్రాసెసరు నాలుగో అయిదో చూపించింది. ప్రింటరుకి బుద్ధి వచ్చి గబగబా కాగితాలు ఉమ్మేసింది. బడి గంట కొట్టేలోపు పెద్ద టీచరుగారు కట్టలు చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగారు.

“ఆ పాతది పరీక్ష పేపరు చదివి వినిపిస్తుందా? మా బడిలో ఒక పిల్ల ఉంది, అక్షరాలు నిలబడవంటుంది.”

“పంపండి,” అన్నాం నేనూ తాతయ్యా ఒకేసారి. అప్పుడే, నేను ఆపి మళ్ళీ వేసిన పాత కంప్యూటరు జలుబు గొంతుతో, “రా, కూర్చో, తొందరేం లేదు” అంది. టీచరుగారు నిజంగానే వచ్చి కూర్చున్నారు. అమ్మమ్మ ఫ్లాస్కు తీసింది.

ఇదంతా రాసి, నిన్న ఆ గొంతు చేతనే తాతయ్యకి చదివించాను. కృతజ్ఞతలు నా నోటితో చెప్తే నవ్వొస్తుంది, దాని ముక్కుతో అయితే బాగుంటుందని. తాతయ్య బోడితల నిమురుకుంటూ చివరిదాకా విన్నాడు.

“ఎలా ఉంది తాతయ్యా? ఇంకొంచెం రాయనా?”

“చాలు. ఆపి, నీ కౌంటరుకి పో.”