పన్నెండు పిన్నీసులు

మా సిస్టరమ్మ పోయింది. సూర్యాపేట దవాఖానలో చేర్చి అప్పటికి నాలుగు రోజులే, తేరుకుంటుందనే అనుకున్నాం. మంగళవారం పొద్దున టీకాల లిస్టులో ఏదో అనుమానమొచ్చి ఫోన్ చేస్తే ఆమె చెల్లెలు ఎత్తింది. "అక్క లేదమ్మా" అని పెట్టేసింది. లేకపోవడమేంటి, ఎటు పోయిందని మళ్లీ చేశాను. బుద్ధి తక్కువదాన్ని.

చదివేవాళ్లకు ఆమె ఎవరో తెలియదు కాబట్టి చెప్తాను. నడిగూడెం దగ్గర మా ఊరి సబ్ సెంటర్‌లో నర్సు. రోజూ కోదాడ నుంచి స్కూటీ మీద వచ్చేది. నేను అదే ఊళ్లో ఆశా కార్యకర్తను, ఏడేళ్లు ఆమె వెనకే తిరిగాను. పోయి పదిరోజులైనా నాకు ఏడుపు సరిగా రావడం లేదు. కాలు ఒకచోట నిలవడం లేదు. బస్సెక్కితే ఆడవాళ్ల ముఖాలు చూడను, చేతులు చూస్తున్నాను. మొన్న ఒకామె "ఏం సూస్తున్నవమ్మా, గాజులు నచ్చినయా?" అని కూడా అడిగింది. ఎందుకు చూస్తున్నానో చెప్పాలంటే మా ఇద్దరి పాత గొడవ దగ్గర మొదలుపెట్టాలి.

అప్పటికి నేను ఆశాను కాదు. ఇద్దరు ఆడపిల్లల తల్లిని. మా అత్తకు మనవడు కావాలి, నాకేమో ఇక పిల్లలు వద్దు. ఆపరేషన్ మాటెత్తితే ఇంట్లో యుద్ధమే. మాత్రలు దాచే చోటు లేదు, మా అత్త బియ్యం డబ్బా కూడా వెతికే మనిషి. ఒకరోజు సిస్టరమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని, "అత్తమ్మా, నీ చేతి చాయ్ తాగక నెలయింది, జర పెట్టరాదు" అంది. అత్త మురిసిపోయి లోపలికి వెళ్లింది. ఆ చాయ్ మరిగేలోపు నన్ను అడిగింది.

"నీకేం గావాలె బిడ్డా? మీ ఆయనకు కాదు, మీ అత్తకు కాదు. నీకు."

పెళ్లయ్యాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. నేను నవ్వేశాను. ఆమె మాత్రం నవ్వలేదు. మాత్రలు, కాపర్ టీ, మూడు నెలలకోసారి వేయించుకునే సూది, అన్నీ చెప్పింది. దేనితో ఏ ఇబ్బంది వస్తుందో కూడా దాచకుండా చెప్పి, "ఎంచుకునుడు నీ పని, ఇచ్చుడు నా పని" అంది. నేను సూది ఎంచుకున్నాను.

ఆమె చేసిన తప్పు కూడా చెప్పాలి, చెప్పకపోతే ఆమే ఊరుకోదు. తేదీలు మాకు గుర్తుండవని ఆమె పొలం పనులతో కలిపి చెప్పేది. రెండోసారి సూది వేసినప్పుడు "ఇగ నాట్లు మొదలైతే రా" అంది. సాగర్ కాలువ కింది ఊరు మాది. నీళ్లొస్తే నాట్లు, ఏటా కాస్త అటూ ఇటూగా అదే వేళకు. ఆ ఏడు నీళ్లు రాలేదు. నెల దాటింది, నెలన్నర దాటింది. నారు ముదిరిపోతోందని మగవాళ్లు తలలు పట్టుకున్నారు. నేను మాత్రం నాట్లు ఇంకా పడలేదు కదా అని నిమ్మళంగా ఉన్నాను. సిస్టరమ్మను ఆ నెలల్లో వేరే ఊరి డ్యూటీకి వేశారు. నేను నాటు వేయడానికి మడిలో దిగేసరికే వాంతులు మొదలయ్యాయి.

ఆమె తిరిగొచ్చిన రోజు, టీకాలకు వచ్చిన జనమంతా ఉండగా, నోటికొచ్చినట్టు తిట్టాను. "నీ మాట నమ్మితే గిట్లయింది. నువ్వు సాదుతవా?" అన్నాను. నువ్వే తేదీ దాటించుకున్నవ్ అని ఆమె అనొచ్చు. అందులో అబద్ధం కూడా లేదు. కానీ ఆమె లేచి నిలబడి, అందరికీ వినపడేలాగే అంది.

"తప్పు నాదే బిడ్డా. నీ ఒంటిని తీస్కపోయి కాలువ నీళ్లకు కట్టిన."

ఏం చేద్దామన్నా నీ వెంట ఉంటానంది. అప్పటికే ఇంట్లో తెలిసిపోయింది, ఇక నిర్ణయం నా చేతిలో లేకుండా పోయింది. మూడోది కూడా ఆడపిల్లే. ఇప్పుడు రెండో తరగతి. అదంటే నాకు ప్రాణం. కానీ నేను రమ్మన్నప్పుడు వచ్చింది కాదు. ఈ రెండూ నిజమే, ఒకదాని కోసం ఇంకోదాన్ని మింగేయమంటే నా వల్ల కాదు.

నెలల తరబడి ఆమెతో మాట్లాడలేదు. పిల్ల పుట్టాక ఆమే వచ్చింది. అత్తను మళ్లీ చాయ్‌కి పంపి, నా ముందు పన్నెండు పిన్నీసులు పెట్టింది. మా దగ్గర ఏ ఆడమనిషి చేతి గాజుకు చూసినా నాలుగు పిన్నీసులు వేలాడుతూనే ఉంటాయి. ఎందుకని ఎవరూ అడగరు. "సూది ఏపిచ్చుకున్ననాడు పన్నెండూ గాజుకు తగిలియ్యి. అంగడికొకటి తియ్యి. ఒక్కటి మిగిలిన వారం నా దగ్గరికి రా" అంది. అంగడి మాకు వారానికోసారి, నీళ్లొచ్చినా రాకున్నా ఉంటుంది. ఒకటి పోతే ఎట్లా అని అడిగాను, ఇంకా కోపంగానే. "పోతే వారం ముందొస్తవు. ముందొస్తే ఏం గాదు. గందుకే పెట్టుడు కాదు, తీసుడు" అంది. అన్నట్టే ఒకసారి మా అత్త చీర కుచ్చిళ్లకని నా గాజు నుంచి ఒకటి లాక్కుంది. నేను వారం ముందే వెళ్తే సిస్టరమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

ఆశా ఉద్యోగానికి నన్ను లాగింది కూడా ఆమే. "తిట్టే నోరున్నది నీకు. నాకు గదే గావాలె" అంది.

ఈ పిన్నీసుల లెక్క సూది వేయించుకునే అందరికీ నేర్పింది, అది మా ఊరితో ఆగలేదు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో కూలికి వెళ్లినవాళ్లు అక్కడి నుంచి ఫోన్ చేసేవాళ్లు: "సిస్టరమ్మా, ఒక్కటే ఉన్నది, ఈడ ఎవల దగ్గరికి పోవాలె?" ఆమె అక్కడి నర్సుతో మాట్లాడి పెట్టేది. ఒకసారి సూర్యాపేటలో ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి నాతో అంది: "ఏ దేశంల జూసినా ఇదే కథ అంటనే. దాచుకునుడు, ఎవరన్నా సూస్తరని భయపడుడు. మనమొక్కలమే అనుకున్న."

నన్ను తినేస్తున్నది ఇంకొకటుంది. ఆమెకు షుగర్. ఇల్లిల్లూ తిరిగి, అత్తలను లోపలికి పంపడానికి అడిగిన ప్రతి చాయ్‌నీ ఆమె తాగింది. చక్కెర వద్దంటే మళ్లీ ఎందుకు, ఏమిటని మాటలు పెరుగుతాయని అట్లాగే తాగింది. వద్దని నేను ఎన్నోసార్లు చెప్పాను. గట్టిగా చెప్పలేదేమో.

ఆమె స్థానంలో కొత్త సిస్టర్ వచ్చింది, మంచి పిల్లే. రిజిస్టర్ తీసి చూశాం. ఊరూ ఫోనూ ఉన్నవాళ్లందరికీ కబురు పెట్టాను. కానీ చాటుగా పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఉత్త పేర్లే ఉన్నాయి. ఇంటికి ఫోన్ రావద్దని వాళ్లు బతిమాలితే ఆమె రాయలేదు. ముగ్గురు లక్ష్ములున్నారు. ఏ ఊరో ఆమెకే తెలుసు. ఆమె పోయిందన్న సంగతి వాళ్లకు తెలుసో లేదో, గాజుకు ఎన్ని మిగిలాయో. అందుకే బస్సుల్లో చేతులు చూస్తున్నాను.

ఈ చూడటం మొదలైంది ఆమె సమాధి దగ్గరే. కోదాడలో చర్చివాళ్ల ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు వరసగా వచ్చి మట్టి వేస్తున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక చిన్నది, పాతికేళ్లుంటాయేమో, వంగి గుప్పెడు మట్టి వేసింది. ముఖం ఎప్పుడూ చూడలేదు. చేతికి ఎర్ర గాజులు, వాటికి ఒకే ఒక్క పిన్నీసు. వెనకాలే వాళ్ల అత్త కాబోలు, భుజం మీద చెయ్యి వేసి ఉంది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నాది కాదు.

"అత్తమ్మా, అగో ఆ గేటు కాడ చాయ్ పోస్తున్నరు. పొద్దుగాల నుంచి ఏం తాగలే, జర ఒక్క గిలాస తెచ్చిపెడ్తవా?"

ఆమె నా ఏడుపు ముఖం చూసి "అయ్యో, గట్లనే బిడ్డా" అని కదిలింది. చిన్నది నన్ను చూసింది, నా గాజులకున్న పిన్నీసులను చూసింది. తర్వాత మట్టి చేత్తోనే తన ఒక్క పిన్నీసునూ పట్టుకుని, గేటు వైపు వెళ్తున్న అత్త తిరిగి చూస్తుందేమోనని చూస్తూ, నా దగ్గరికి ఒక అడుగు వేసింది.