వేయి దగ్గర ఆగిన లెక్క

నా భర్త హీరాలాల్ లెక్కలు మొదలుపెట్టింది బడిలో కాదు, బీడీలు చుట్టే తునికాకు దగ్గర. వేసవిలో వాళ్లమ్మ అడవి నుంచి తెచ్చిన ఆకును యాభైకొక కట్ట కట్టేది. మిగిలిన ఆకులను ఆయన వాకిట్లో వరసలుగా పేర్చేవాడు. పన్నెండైతే మూడు వరసలకూ కుదురుతాయి, నాలుగింటికీ కుదురుతాయి. పదమూడైతే దేనికీ కుదరవు. అలాంటి సంఖ్యకు ఆయన పెట్టుకున్న పేరు "ఒంటిది". భద్రాచలం దారిలోని మా ఆశ్రమ పాఠశాలలో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పినా, ప్రధాన సంఖ్య అనే మాట పుస్తకంలోనే ఉండేది. బస్సు టికెట్టు నంబర్లను కూడా విడగొట్టి చూసేవాడు. విడిపోతే సంసారి, విడిపోకపోతే ఒంటిది.

నేను అదే బడిలో తెలుగు చెప్తాను. ఇంట్లో మాది లంబాడీ మాట. లెక్క దగ్గరికొస్తే ఇద్దరం తెలుగులోకి దిగేవాళ్లం.

నిరుడు వానాకాలంలో ఖమ్మం దవాఖానాలో, ఆయన కాలేయం ఇక పనిచేయదన్నారు. ఇక్కడ ఉంచడమో ఇంటికి తీసుకుపోవడమో మీ ఇష్టమన్నాడు డాక్టరు. నేను ఉందామన్నాను. ఆయనకు ఇంటి మీదే మనసు. రెండు రోజులు వాదించుకున్నాక కేసు చీటీ నా ముందు పెట్టాడు. దాని మీద నంబరు 1022117.

"గుణిస్తే ఇది వచ్చే జంట దొరికితే ఇంటికి పోదాం. ఒంటిదైతే నువ్వన్నట్టే ఇక్కడనే ఉంట."

"ఏంది సారూ, మనం ఎటు పోవాల్నో నంబరు చెప్తదా?"

"డాక్టరైతే చెప్తలేడు గద. గిదన్న చెప్పనీ."

"ఎందాక చూస్తవ్ మరి?"

"పది లక్షలంటే వేయి వేలు. జంట ఉంటే అందులో ఒకటి వేయి లోపల దొరకాలె. అంతే."

అంకెలన్నీ కూడితే పద్నాలుగు, కాబట్టి మూడుతో పోదు. ఏడుతో భాగిస్తే ఐదు మిగిలింది. అలా చీటీ వెనక సన్నగా రాసుకుంటూ మూడో రోజుకు 997 దాకా వచ్చాడు. 192 మిగిలింది. పెన్నుకు మూత పెట్టాడు.

"ఒంటిదే" అన్నాడు.

మళ్లీ ఇంటి ఊసెత్తలేదు. గెలిచినందుకు నేను లోపల సంతోషించాను కూడా. ఐదో రోజు ఆ మంచం మీదే పోయాడు.

బడికి కొత్త లెక్కల సారు రాలేదు. ఆయన క్లాసులు నాకే వేశారు. మొన్నటి పాఠం ప్రధాన సంఖ్యలు. ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే మన సంఖ్య దాటిపోతుందో అక్కడ ఆగాలని బోర్డు మీద రాస్తుంటే నా చేయి ఆగింది. వేయిని వేయితో గుణిస్తే పది లక్షలే. చీటీ మీద అంతకంటే ఇరవై రెండు వేల నూట పదిహేడు ఎక్కువ ఉంది. ఆ పైదాన్ని ఆయన వదిలేశాడు. శేషం మింగేస్తున్నారని పిల్లలను ఇరవై రెండేళ్లు తిట్టిన మనిషి.

వేయి దాటాక చూడాల్సిన ఒంటిది ఒక్కటే ఉంది, 1009. స్టాఫ్ రూములో కూర్చుని భాగించాను. ఏమీ మిగల్లేదు. 1013 వచ్చింది. అదీ ఒంటిదే. ఆ రెండింటి మధ్య ఇంకో ఒంటిది లేదు.

ఆ ఒక్క భాగహారం చేసి ఉంటే, మధ్యాహ్నం బస్సెక్కి చీకటి పడకముందే ఇంట్లో ఉండేవాళ్లం.

చీటీ వెనక 997 కింద ఇంకా రెండు వేళ్ల చోటు ఉంది. నేను అక్కడ రాయలేదు. వేరే కాగితం మీద చేశాను.