అత్తయ్యగారి వెనక వసారా

మా నాన్న దృష్టిలో బెజవాడ అంటే పని. ఎరువుల కొట్టు, కోర్టు వాయిదా, కంటి డాక్టరు, పెళ్ళిబట్టలు. కంకిపాడు పక్కనున్న మా ఊరి నుంచి బస్సెక్కితే ఎంతోసేపు పట్టని ఊరే అయినా, ఊరికే చూడ్డానికి అక్కడికి ఎవరైనా వెళతారని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో అమ్మే ఆ మాట ఎత్తింది.

"పిల్ల ఏడాదంతా పుస్తకాల మీద పడి ఉంది. నాలుగు రోజులు ఎటైనా తీసుకెళ్దామండీ."

నాన్న మినుములు ఎండబోస్తున్నవాడల్లా ఆగి, అక్కడికక్కడే ప్రోగ్రాం వేసేశాడు. పొద్దున్నే లేచి కొండెక్కి అమ్మవారి దర్శనం, అటునుంచి అటే ఉండవల్లి గుహలు, మధ్యాహ్నానికి మంగళగిరి, సాయంత్రం ఆయన స్నేహితుడి ఇంట్లో పలకరింపు.

"మీరు చెబుతుంటేనే నా కాళ్ళు లాగుతున్నాయి. ఈసారి పరుగులు వద్దు. మెలకువ వచ్చినప్పుడు లేద్దాం. సాయంత్రం బ్యారేజీ మీద గాలికి నిలబడదాం. దాన్ని ఒక సినిమాకి తీసుకెళ్దాం, బాల్కనీలో కూర్చోబెట్టి. అంతే," అంది అమ్మ. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "నేను వంట చెయ్యను," అని కలిపింది.

నన్నడిగితే బీసెంటు రోడ్డులో కొట్లన్నీ చూడాలన్నాను. ఏమీ కొనకపోయినా ఫరవాలేదన్నాను. అమ్మ మనసులో హోటలు ఉందని నాకు తెలుసు. నాన్న ఒప్పుకోలేదు. "గుణదలలో అక్కయ్య ఉండగా హోటలేంటి? జన్మంతా మాట పడాలి."

అత్తయ్య నాన్నకన్నా చాలా పెద్దది. మామయ్య రైల్వేలో పనిచేసేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. నన్ను పేరుపెట్టి పిలిచేది కాదు, "కోడలా" అనేది. మంచిది, కానీ మడీ ఆచారం ఎక్కువ. మా ఇళ్ళల్లో అప్పటికే కొంత సడలిపోయిన పట్టింపులన్నీ ఆవిడ దగ్గర బిగుసుకుని ఉండేవి. అందుకే అమ్మ నా తేదీలు చూసుకుని మరీ ఆ వారాన్ని ఎంచింది. కానీ ఆ వయసులో నా ఒంటికి తేదీలేం తెలుసు? అత్తయ్య ఇంట్లో దిగి, కాళ్ళు కడుక్కుందామని స్నానాలగదిలోకి వెళ్ళినప్పుడే సంగతి తెలిసింది.

అమ్మని పిలిచి చెప్పాను. అమ్మ మొహం ఒక్కక్షణం మాడిపోయింది. తర్వాత తలుపు దగ్గరగా వేసింది.

"ఈ మాట ఇక్కడే మర్చిపో."

"అత్తయ్యకి చెప్పాలి కదమ్మా?"

"చెబితే వెనక వసారాలో చాప వేస్తుంది. సెలవులన్నీ గోడ చూస్తూ కూర్చుంటావా? నీ వయసులో నేను కూర్చున్నది చాలు." తన పెట్టెలోంచి పాత చీర తీసి చింపుతూ, "ఏం కాదు. దేవుడి గది వైపు వెళ్ళకు, అంతే," అంది.

బయటికి రాగానే అత్తయ్య మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఆవిడ వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. అప్పుడు మొదలైంది నాకు బెదురు.

ఆ సాయంత్రం బ్యారేజీకి వెళ్ళాం. గేట్ల దగ్గర నీళ్ళ హోరు, ఒంటికి తగిలే చల్లగాలి, ఇసుక తిన్నెల మీద ఆరేసిన చాకలివాళ్ళ బట్టలు. నాన్న ఐస్‌క్రీం కొనిపెట్టాడు. అమ్మ చెప్పులు విప్పి, పిట్టగోడకి ఆనుకుని, ఏ పనీ లేని మనిషిలా నిలబడింది. అలా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు మ్యాటినీకి వెళ్ళి బాల్కనీలో కూర్చున్నాం. సంతోషంగానే ఉంది. కానీ ఇంటికి రాగానే అత్తయ్య ఎదురొచ్చి, "అలిసిపోయావా కోడలా" అంటూ ఫ్యాను కింద తన మంచం నాకిచ్చి తను కింద చాప మీద పడుకునేది. ఆ మంచం మీద నేను ఒత్తిగిలడానికి కూడా భయపడ్డాను. ఆవిడ నా తల దువ్వి మల్లెపూలు పెడుతుంటే మెడ బిగుసుకుపోయేది. అమ్మ నా గుడ్డలు ఉతికి, తీగ మీద తన చీర కింద దాచి ఆరేసేది. దొంగతనం చేసినవాళ్ళలా ఇద్దరం కళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళం.

ఆ మర్నాడు అత్తయ్య ఆవకాయ పెట్టింది. నాన్న బజారుకెళ్ళాడు, మామయ్య డ్యూటీలో ఉన్నాడు. ముందుగదిలో చాప మీద ముక్కలు గుట్టగా పోసి ఉన్నాయి.

"కోడలా, ఇలా వచ్చి ముక్కలు తుడువు."

"దానికి తలనొప్పిగా ఉంది వదినగారూ," అంది అమ్మ.

"కూర్చుని తుడవడానికి తలెందుకు నొప్పి పుడుతుంది?"

తుడిచాను. జీడి తీసి, పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచాను. అత్తయ్య పెద్ద బేసిన్లో కారం, ఉప్పు, ఆవపిండి కొలిచి పోసి, నూనె వంచి, "ఇంక నువ్వే కలుపు. ఆడపిల్ల చెయ్యి పడితే ఏడాదంతా చెక్కుచెదరదు," అంది.

"నేను కలుపుతానుండండి," అని అమ్మ లేచింది.

"నువ్వు విశ్రాంతికి వచ్చావుగా అమ్మాయ్. కూర్చో."

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అంది. అమ్మ కూర్చుండిపోయింది. నేను మోచేతుల దాకా ఎర్రనూనె చేసుకుని కలిపాను. చెయ్యి మండింది. అత్తయ్య వేడన్నం తెచ్చి, బేసిన్లోనే ఓ మూల కలిపి, మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది. రెండోది తను తిని, కళ్ళు మూసుకుని, "అబ్బ, నీ చెయ్యి ఎంత మంచిదే!" అంది. ఆ తర్వాత, "చేతులు కడుక్కుని రా. ఇవాళ దీపం నువ్వే పెట్టు," అంది.

అప్పటిదాకా అబద్ధమాడమని నన్నెవరూ అడగలేదు, ఊరుకోమన్నారంతే. ఇప్పుడు నడిచి వెళ్ళి దీపం వెలిగించాలి.

"అత్తయ్యా, నేను దూరంగా ఉండాలి."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఎప్పటినుంచి?" అంది.

"వచ్చిన రోజునుంచి."

"మీ అమ్మకి తెలుసా?"

తెలియదని చెప్పెయ్యొచ్చు. పిల్లని కదా, నాలుగు మాటలని వదిలేసేది. నేను అమ్మ వైపు చూశాను. ఆ చూపే చాలు, ఇంక నోటితో చెప్పక్కర్లేదు. అయినా, "తెలుసు," అన్నాను.

అమ్మ తల దించుకుంది. "నేనే చెప్పొద్దన్నాను వదినగారూ. దాని సరదా చెడిపోతుందని."

అత్తయ్య అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నీ కంటికి నేనంత రాకాసిలా కనబడ్డానా అమ్మాయ్?" అంది. అంతే, నూతి దగ్గరికెళ్ళి తలమీద నీళ్ళు కుమ్మరించుకుంది. తడిబట్టలతోనే ఇల్లంతా కడిగింది. మంచం మీది దుప్పట్లు నానేసింది. అంత పెద్దావిడ వంగి నేల కడుగుతుంటే సాయం చెయ్యడానికి నేను వెళ్ళకూడదు.

వెనక వసారాలో చాప పడింది. పక్కన విడి కంచం, విడి గ్లాసు. నేను వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి అమ్మ వచ్చి నా పక్కనే, నన్ను ఆనుకుని కూర్చుంది.

"నువ్వెందుకు అక్కడ? తలస్నానం చేసి లోపలికి రా," అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"మళ్ళీ దీని దగ్గరికి రాకుండా ఉండలేనండీ. ఇక్కడే ఉంటాను."

నాన్న సాయంత్రం ఆటకి టిక్కెట్లు పట్టుకొచ్చి, మమ్మల్ని వసారాలో చూసి నివ్వెరపోయాడు. "ఆడవాళ్ళ సంగతి, నీకెందుకు?" అని అత్తయ్య ఆయన్నీ మామయ్యనీ సినిమాకి పంపేసింది. మిగిలిన సెలవులు మేమిద్దరం అక్కడే గడిపాం. వంట లేదు, వడ్డన లేదు. అత్తయ్య వేళకి అన్నం తెచ్చి ఎత్తుమీదనుంచి కంచాల్లో వేసేది. మాట్లాడేది కాదు, కానీ నాకిష్టమని రోజూ గుత్తివంకాయ చేసింది. దూరంగా రైళ్ళు వెళ్ళేవి. గుణదల కొండ మీద గంట వినబడేది. అమ్మ గోడకి చేరబడి కాళ్ళు చాపుకుంది. నా మీద కోపం ఉందేమోనని మొహంలోకి చూసేదాన్ని. "అన్నం తిను," అనేది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

బయల్దేరేరోజు అత్తయ్య ఆవకాయ జాడీకి వాసెన కట్టి గుమ్మం బయట పెట్టించింది. "ఇది మీరు తీసుకెళ్ళండి. మా ఇంట్లో దేవుడికి పెట్టకుండా తినలేను," అంది. అమ్మ ఆ జాడీని బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పచ్చడి అద్భుతంగా కుదిరింది. ఎవరొచ్చి తిన్నా ఎవరు పెట్టారని అడిగేవాళ్ళు. అమ్మ మాత్రం వేసుకునేది కాదు.

చలికాలంలో ఏదో పెళ్ళికి వచ్చి అత్తయ్య మా ఇంటికి భోజనానికి వచ్చింది. అమ్మ దోసకాయ పచ్చడి, గోంగూర వడ్డించింది.

"ఆవకాయ లేదా?"

"ఉందండీ. కానీ అదే..." అమ్మ ఆగిపోయింది.

"వద్దులే. ఎలా కుదిరింది?"

"బాగా కుదిరిందండీ."

"నాకు ఈ ఏడు కుదరలేదు. మళ్ళీ పెట్టేసరికి కాయ ముదిరిపోయింది," అని అత్తయ్య మజ్జిగ పోయించుకుంది.

తర్వాత నూతి దగ్గర ఆవిడ చేతి మీద నేను నీళ్ళు పోస్తున్నాను. అమ్మ లోపల ఆకులు తీస్తోంది. అత్తయ్య తల ఎత్తకుండానే, "ఆరోజు నువ్వు దీపం పెట్టేసినా నాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పావే?" అంది.

మెచ్చుకుందో, ఎందుకు చెప్పానా అని బాధపడిందో ఆ గొంతుని బట్టి నేను పోల్చుకోలేకపోయాను. ఈనాటికీ పోల్చుకోలేదు. "తెలీదత్తయ్యా," అన్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకోవడానికి నా పమిట చెంగు అందుకుంది.