తెల్ల కౌంటరులో తడిసిన పెళ్ళిచీర

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన మొదటి ఫిబ్రవరిలో, గుంటూరులో నేను పనిచేసే బట్టల షాపువాళ్ళు నన్ను రెండో అంతస్తుకు, తెల్ల కౌంటరు ఇన్‌చార్జిగా మార్చారు. అంతకుముందు చాలా ఏళ్ళు కింద కాటన్ చీరల దగ్గర ఉండేవాణ్ణి. బట్టల షాపులో హోదాలు బయటివాళ్ళకు కనపడవు గానీ ఉంటాయి. అరల్లోంచి చీరలు దించి ఇచ్చేవాళ్ళు, వాటిని విప్పి చూపే సేల్స్‌వాళ్ళు, వాళ్ళ పైన ఇన్‌చార్జి, అందరి పైనా ఫ్లోర్ మేనేజర్. ఇన్‌చార్జి అంటే బేరం ఆగిపోయిన చోటికి పిలిచే మనిషి. సేల్స్ అమ్మాయి చీర విప్పుతుంది. ఆ చీర చుట్టూ తగాదా మొదలైతే నేను వెళతాను.

తెల్ల కౌంటరు అంటే క్రైస్తవుల పెళ్ళిచీరల విభాగం. మా వైపు చర్చిలో ప్రమాణాలు చేసేటప్పుడు పెళ్ళికూతురు తెల్ల పట్టుచీర కడుతుంది. ఆ చీర కొనే హక్కు పెళ్ళికొడుకు తరఫువాళ్ళది. పెళ్ళికూతురి తరఫువాళ్ళు షాపుకు వస్తారు, కూర్చుంటారు, ఇచ్చిన కూల్‌డ్రింకు తాగుతారు, అడిగినప్పుడు "మీ ఇష్టం" అంటారు. మర్యాద అంతవరకే. కట్టుకోబోయే అమ్మాయి కూడా ఆ మాటే అంటుంది. కాబట్టి ఆ కౌంటరులో నచ్చిన మనిషి నోరు మెదపదు, నోరున్న మనిషి ఆ చీర కట్టుకోదు.

కొత్త విభాగం ఇచ్చారు కదా అని నేను తెలిసిన కాడికి సరిపెట్టుకోలేదు. పదో తరగతితో ఆగిన చదువును మా పేట శాఖా గ్రంథాలయంలో పూర్తి చేసుకున్నవాణ్ణి. వారం సెలవు రోజున పొద్దున్నే వెళ్ళి, లైబ్రేరియన్ గారు తాళాలు తీసుకునేదాకా కూర్చునేవాణ్ణి. నూలు మీద, పట్టు మీద, రంగుల మీద అక్కడ ఉన్నవన్నీ చదివాను. తెలుపంటే ఒక రంగు కాదనీ, అన్ని రంగులూ కలిసిన వెలుతురనీ తెలుసుకుని, మొదటి వారంలోనే ఒక పెద్దావిడకు వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, "అన్ని రంగులూ ఉంటే మరి ఒక్కటన్నా కనపడదేందయ్యా?" అంది. దానికి తగిన జవాబు కోసం నేను మళ్ళీ సెలవు రోజుదాకా ఆగాల్సి వచ్చింది. ఆవిడ ఆగలేదు.

తెలుపులో మేం అమ్మే రకాలు మూడు. మచ్చలేని తెలుపు ప్యూర్ వైట్. కాస్త పసుపు ఛాయ కొడితే హాఫ్ వైట్. ఇంకాస్త కొడితే క్రీమ్. షాపు లైట్ల కింద మూడూ ఒకటే. కిటికీ దగ్గరికి తీసుకెళితే మూడూ వేరు. అందుకని తెల్లచీరను ఎప్పుడూ కిటికీ దగ్గర కూడా చూపించాలన్నది మా నియమం. ఫిబ్రవరి మిర్చి కోతల కాలం కాబట్టి ఇంకో నియమం నేనే పెట్టాను. కౌంటరు పక్కన సబ్బు, కొబ్బరినూనె, నీళ్ళ బకెట్టు ఉంచి, చేతులు శుభ్రం చేసుకున్నాకే చీర ముట్టుకోనిచ్చేవాళ్ళం. అయినా కల్లం నుంచి తిన్నగా వచ్చిన మనుషులు మెట్లెక్కుతుంటేనే మా సేల్స్ అమ్మాయి నాగలక్ష్మికి తుమ్ములు మొదలయ్యేవి. ఎంతమంది వస్తున్నారో ఆ తుమ్ముల్ని బట్టి చెప్పేవాళ్ళం.

ఆ సోమవారం నాగలక్ష్మి ఆపకుండా తుమ్మింది.

వచ్చినవాళ్ళు వినుకొండ దగ్గరి ఊరివాళ్ళు. పెద్ద మనిషి రాహేలమ్మ, పెళ్ళికొడుకు పెద్దమ్మ. తల్లి లేని పిల్లాణ్ణి తనే పెంచింది కాబట్టి చీర ఎంచే హక్కు ఆమెది. మిర్చి కల్లంలో కాయ ఆరబోయించి గ్రేడింగ్ చేయించే మేస్త్రీ. ఆమె వెనక నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఆమె ఏమంటే అది అనడానికి వచ్చారు. పెళ్ళికూతురు కెజియా ఒంగోలులో స్టాఫ్ నర్సు. ఆమెతో నాన్న యేసురత్నం ఒక్కడే వచ్చాడు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. వచ్చే వారం బుధవారం నుంచి ఈస్టరు ముందరి శ్రమదినాలు మొదలవుతాయి. ఆ రోజుల్లో వాళ్ళ పాస్టరు పెళ్ళి చేయరు. అందుకని పెళ్ళి ఈ శనివారమే. జాకెట్టు కుట్టడానికి టైలరు అడిగిన రోజులు తీసేస్తే, చీర ఆ పూటే తేలాలి.

రాహేలమ్మ తెలుపును చూసే పద్ధతి వేరు. మిర్చి కాయ ఎర్రగా నిగనిగలాడాలి. రంగు పోయి తెల్లబడితే అది తాలు, ఏరి పక్కన పోస్తారు. జీవితమంతా తెల్లవాటిని ఏరి పారేసిన మనిషిని తీసుకొచ్చి మేం తెల్లచీరల ముందు కూర్చోబెట్టాం. ఆమె ఒక్కో చీర కొంగు పిడికిట్లో పట్టి గట్టిగా నలిపి వదిలేది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. వాసన చూసేది. తేమ, గింజ, ఘాటు తెలుసుకునే పద్ధతులన్నమాట. తర్వాత తీర్పు.

"తాలు."

"అమ్మా, ఇది ప్యూర్ వైట్ అండీ" అంది నాగలక్ష్మి.

"అదే చెబుతున్నా, తెల్లబడిపోయింది. ఎత్తెయ్."

వెనకున్న ఆడవాళ్ళు "తాలే, తాలే" అన్నారు.

చివరికి ఒకటి నచ్చింది. ఒళ్ళంతా బంగారు జరీ నెమళ్ళు, మూరెడు అంచు. తెలుపు ఎక్కడుందో వెతుక్కోవాలి. చీరలు పరిచే పరుపు మీద అది పడితే దుప్పటి కట్ట పడ్డ చప్పుడైంది. "ఇదీ సరుకంటే" అంది రాహేలమ్మ. ఫోనులో వీడియో కాల్ చేసి పెళ్ళికొడుక్కి చూపింది. అతను "నీ ఇష్టం పెద్దమ్మా" అని పెట్టేశాడు.

కెజియాను అద్దం ముందు నిలబెట్టి నాగలక్ష్మి ఆ చీర భుజాన వేసింది. అమ్మాయి బక్కపలచని మనిషి. నెమళ్ళలో మొహం ఒక్కటే కనపడుతోంది. నేను కుచ్చిళ్ళు ఎలా పడుతున్నాయో చూద్దామని దగ్గరికి వెళితే, అద్దంలోనే చూస్తూ చిన్న గొంతుతో, "అంకుల్, రెండు గంటల ఆరాధన. నిలబడే ఉండాలి. నేను చీర కట్టుకోవాలి గానీ చీర మొయ్యకూడదు కదండీ" అంది. మరి చెప్పొచ్చు కదమ్మా అన్నాను. "అమ్మో, మా అమ్మ ఒట్టు పెట్టించుకుని పంపింది, 'మీ ఇష్టం' తప్ప ఇంకో మాట అనొద్దని" అంది.

ఆమె చూపు మాటిమాటికీ ఎటు పోతోందో నేను గమనిస్తూనే ఉన్నాను. అది మా వృత్తిలో మొదట నేర్చుకునే పని. పరుపు చివర, తాలు అని తోసేసిన గుట్టలో, సన్నటి వెండిజరీ అంచున్న తేలికపాటి చీర ఒకటి ఉంది. వాళ్ళ నాన్న కూడా గమనించాడు. కూతురు పక్కకు వచ్చినప్పుడు "ఏదమ్మా?" అన్నాడు. ఆమె పెదవి కదలకుండా "అదే నాన్నా" అంది.

పాపం యేసురత్నానికి మాట్లాడే హక్కు లేదు. నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. చివరికి ఆ చీర ముందుకు లాగి, "చెల్లెమ్మా, ఊరికే అడుగుతున్నా. ఇదెట్టా ఉంటదంటారు?" అన్నాడు.

"ఏది అన్నయ్యగారూ, ఇదా? వెలిసిపోయింది. తాలు."

"వెలిసిపోలేదమ్మా. పైన కాస్త దుమ్ముంది, అంతే. నీళ్ళు కొడితే అసలు రంగు తేలుద్ది."

గ్రానైటు పలక మీద కోత దుమ్ము పేరుకుని బూడిదరంగులో ఉంటుంది. కొనేవాడు వస్తే నీళ్ళు చల్లుతారు. రాయి నల్లగా మెరిసి, లోపలి చుక్కలు బయటపడతాయి. ఇన్నేళ్ళుగా రోజూ చేసే పని. అతను మాట పూర్తి చేసేలోపే చేతిలోని మంచినీళ్ళ సీసా మూత తీయడం, చీర నడిమధ్య గ్లాసెడు నీళ్ళు గుమ్మరించి అరచేత్తో రుద్దడం అయిపోయాయి.

నాగలక్ష్మి తుమ్ము సగంలో ఆగిపోయింది.

"అన్నయ్యగారూ! అది బండా?" అని అరిచింది రాహేలమ్మ.

యేసురత్నం తన చేతిని వేరే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "చెయ్యి... అలవాటు చెల్లెమ్మా" అన్నాడు.

పట్టు మీద నీళ్ళు పడితే పడిన చోటు కాదు, దాని చుట్టూ గీత తేలుతుంది. పళ్ళెమంత గుండ్రటి మరక మా కళ్ళముందే తయారైంది. షాపు నియమం ప్రకారం మరకపడ్డ సరుకు మళ్ళీ అరలోకి వెళ్ళదు. పాడుచేసినవాళ్ళు తీసుకోవాలి. ఇక్కడ చిక్కేమిటంటే, పెళ్ళికూతురి చీర ఆమె తండ్రి కొంటే పెళ్ళికొడుకువాళ్ళకు తలవంపులు. పెళ్ళికొడుకువాళ్ళు కొందామంటే అది వాళ్ళు తాలు అని తోసేసిన చీర. యేసురత్నం "నేను తీసుకుంటా" అంటే రాహేలమ్మ "మా పిల్లకి మీరెట్టా కొంటారు?" అంది. "అయితే మీరు తీసుకోండి" అంటే, "తాలు తీసుకోమంటారా?" అంది. కెజియా ఎర్రబడిన కళ్ళతో గోడ వైపు తిరిగింది. శనివారం పెళ్ళి మీదికి సోమవారమే మాటలు వచ్చేటట్టున్నాయి. ఫ్లోర్ మేనేజర్ వచ్చి మరక చూసి, "మీ విభాగమే కదా వలీ గారూ" అని నన్ను గౌరవించి వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు చదివింది గుర్తొచ్చింది. పట్టుకు ఒకచోట నీటి మరక పడితే, చీర మొత్తాన్నీ ఒకే తీరుగా తడిపి, పిండకుండా ఆరబెడితే గీత కరిగిపోతుంది. ఆ సంగతి చెబుతూ, పట్టుపోగు మీదుండే జిగురు గురించీ, పురుగు దాన్ని ఎలా అల్లుతుందనే దాని గురించీ మొదలుపెట్టాను. పురుగు ఇంకా ఆకు తింటుండగానే నాగలక్ష్మి చీర పట్టుకుని కుట్టుగదిలోని తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. తడిపి, పరుపు మీది దుప్పటిలో చుట్టి నీళ్ళు పీల్పించి తీసుకొచ్చింది. డాబా మీద ఆరేద్దామా అని అడిగింది.

"ఎండలోనా? మతి ఉందా పిల్లా?" అంటూ రాహేలమ్మ లేచింది. "రంగు తిరుగుద్ది. నీడన, గాలికి. కింద పరవొద్దు, మడత పడనీయొద్దు. అన్నయ్యగారూ, చూస్తూ నిలబడ్డారేం? ఆ కొస పట్టుకోండి!"

ఆరబెట్టడం ఆమె వృత్తి. క్షణంలో మా అంతస్తు కల్లం అయిపోయింది. ఒక కొస ఆమె, ఇంకో కొస యేసురత్నం, అంచుల వెంట వెనకున్న ఆడవాళ్ళు, ఫ్యాన్లన్నీ చీర మీదికి. మధ్యలో జారకుండా కెజియా కిందినుంచి చేతులెత్తి నిలబడింది. కాసేపటికొకసారి "తిప్పండీ!" అని రాహేలమ్మ కేక వేస్తే అందరూ కలిసి చీర తిరగేసేవాళ్ళు. తిప్పడంలో వియ్యాలవారి కొసలు రెండుసార్లు మెలిపడ్డాయి. "ఎడమకయ్యా, ఎడమకి!" "నా ఎడమకా, మీ ఎడమకా?" నేను కిటికీ తలుపులు తెరిచి, ఎటు తిరగాలో చేతులతో చూపిస్తూ నిలబడ్డాను. మెట్లెక్కి వచ్చేవాళ్ళు చీర కింద నుంచి వంగి వెళుతున్నారు. అలా వంగి వెళ్ళిన ఒకావిడ అవతల నిటారుగా లేచి, అంచు వేళ్ళతో పట్టుకుని, "ఇది చాలా బాగుందే. మా అమ్మాయికి చూపిద్దాం, ఇటిస్తారా?" అంది నాతో.

నేను నోరు తెరిచేలోపే రాహేలమ్మ కొస వదలకుండా నాలుగడుగులు వచ్చింది. ఆ ఊపుకు అవతలి కొసన ఉన్న యేసురత్నం కూడా వచ్చాడు.

"ముట్టుకోమాకమ్మా, తడిగా ఉంది. అది మా కోడలిది. కొనేశాం."

అంతవరకూ ఆ చీర ఎవరూ కొనలేదు. ఆ మాటతో కొన్నట్టయింది. వెనకున్న ఆడవాళ్ళు "అవును, మాదే" అన్నారు. ఆవిడ నొచ్చుకుని వెళ్ళిపోయాక రాహేలమ్మ చీర కిందికి తొంగి చూసింది. తెల్లటి నీడలో కెజియా చేతులెత్తుకుని నవ్వు ఆపుకుంటోంది.

"ఏమే, ఇదే నచ్చితే ముందే ఏడవచ్చుగా?"

"మీ ఇష్టం అత్తయ్యా" అంది అలవాటుగా. తర్వాత, "ఆ నెమళ్ళు బరువత్తయ్యా" అంది.

"నాకు మాత్రం తెలవదా? నా చెయ్యే లాగేసింది. తేలిక చీర పెడితే వినుకొండోళ్ళు పిసినారోళ్ళని చీమకుర్తిలో అనుకుంటారని కదే దాన్ని ఎత్తింది!"

"మేమెందుకు అనుకుంటాం చెల్లెమ్మా?" అన్నాడు యేసురత్నం.

"మీరు మాట్లాడమాకండి అన్నయ్యగారూ. ఆ సీసా కింద పెట్టి మాట్లాడండి."

చూస్తే, ఇంతసేపూ అతను చీర కొసతోపాటు ఆ సీసా కూడా పట్టుకునే ఉన్నాడు.

ఆరిన చీరను నాగలక్ష్మి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేసింది. మరక పోయింది. కిటికీ దగ్గర పరీక్షగా చూస్తే అంచు పక్కన జానెడు సన్నగీత ఉన్నట్టు నాకు అనిపించింది. ఆ మాట చెబితే, కుచ్చిళ్ళలో కలిసిపోతుందని అందరూ ఒకేసారి అన్నారు. రాహేలమ్మ చీరను పిడికిట్లో నలిపి, వదిలి, వాసన చూసింది. "బాగా ఆరింది" అని సంచిలో పెట్టించుకుంది.

ఈ వృత్తిలో నేను అప్పటిదాకా చీరలు బాగా చూపించడమే పని అనుకున్నాను. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు మంచి చీరలో కూడా తప్పులే కనపడతాయి. చీరతో కాస్త పనిచేసినవాళ్ళు దాన్ని తమదంటారు. అందుకని తర్వాత, పదవీ విరమణ చేసేదాకా, బేరం ఆగిపోయిన చోట నేను కొత్త చీర దించమనడం మానేశాను. ఉన్నవాటిలో అమ్మాయి చూపు తిరిగి తిరిగి వాలిన చీరను తీసి, రెండు తరఫులవాళ్ళనూ లేపి, చెరో కొస చేతికిచ్చి, కిటికీదాకా మోయించి, వాళ్ళచేతే మడత పెట్టించేవాణ్ణి. చాలాసార్లు మడత పూర్తయ్యేసరికి చీర తేలిపోయేది. తెల్ల కౌంటరుకు కొత్తగా చేరినవాళ్ళకు ఇదే నేర్పాను. నీళ్ళ సీసాలు మాత్రం మెట్ల దగ్గరే తీసుకుని పక్కన పెట్టమని చెప్పాను.