రెండుంబావు గంటల దూరం

ఢిల్లీ నుంచి విశాఖకి గాల్లో పదమూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. విమానంలో రెండుంబావు గంటలు. ఐదున్నరకి ఎక్కితే ఎనిమిది కాకముందే దింపేశాడు. అక్కడితో ప్రయాణం అయిపోయినవాళ్ళు అదృష్టవంతులు. మా ఆవిడ శ్యామల ముంచింగిపుట్టులో, ఆడపిల్లల గురుకులంలో లెక్కల టీచరు. చూసి ఏడు నెలలైంది. ఈసారి ఉద్యోగం మానేసి నాతో వచ్చెయ్యమని అడగాలనే బయల్దేరాను. ఫోనులో అడిగే మాట కాదది.

అరకు రైలు అప్పటికే వెళ్ళిపోయింది. ఎనిమిదిన్నర బస్సెక్కాను. ఘాట్‌రోడ్డు మలుపుల్లో వెనక సీటాయనకి వాంతులు, నాకు ఆకలి. పన్నెండున్నరకి అరకులో దిగాను. జీపు తప్పిపోతుందన్న భయంతో రెండు అరటిపళ్ళతో సరిపెట్టుకుంటే, ఆ జీపు నిండి కదిలేసరికి ఒంటిగంట దాటింది. వెళ్ళదలచినవాళ్ళు నిమ్మళంగా అన్నం తినే ఎక్కండి.

మూడింటికి గురుకులం గేటు దగ్గరున్నాను. ఆ రోజు సంత. కొండల మీద నుంచి సంతకి దిగినవాళ్ళు పనిలో పనిగా కూతుళ్ళని చూసిపోతారు. మగవాళ్ళెవరూ గేటు దాటకూడదు, టీచరు మొగుడైనా సరే. బయట రేకుల షెడ్డులో తల్లిదండ్రుల వరసలో నేనూ కూర్చున్నాను.

శ్యామల వచ్చింది. బాగా చిక్కింది. "ఏమైనా తిన్నారా?" అంది. తిన్నానన్నాను. నోరు తెరిచేలోగా ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి, "టీచరూ, రమణికి జొరం!" అంది. ఆమె వెళ్ళి చూసి వచ్చింది. ఇంకో పిల్ల సంతకం కోసం చీటీ పట్టుకొచ్చింది. కిటికీల్లోంచి నవ్వులు. "ఏదో చెప్పబోయారు, చెప్పండి" అంటూ శ్యామల నా పక్కకి జరిగేసరికి నాలుగింటి బెల్లు కొట్టారు. ఇక చూడవచ్చినవాళ్ళు కదలాల్సిందే, హాస్టలు పిల్లలతో రాత్రంతా టీచరు లోపల ఉండాల్సిందే. అడగనేలేదు. వెళ్ళిపోతున్న మనిషిని వెనక్కి పిలవాలని ప్రాణం కొట్టుకుంది.

తిరుగు జీపులో, కూతుర్ని చూసి వెళ్తున్న ఒక తల్లి నా పక్కన కూర్చుంది. "మా గుంట మీ ఆవిడ కాడే సదువుతంది బాబూ. నీదే ఊరు?"

ఢిల్లీ అన్నాను.

"అదెంత దూరం?"

అలవాటు కొద్దీ, "విమానంలో రెండుంబావు గంటలు" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "అంతేనేటి! నాను జీపు దిగి మూడు గంటలు నడవాల. నాకంటే నీకే దగ్గిర. అయితే వచ్చే సంతకీ వచ్చేత్తావు!"

సెలవుల సంగతి ఆమెకెలా చెప్పాలో తెలియక "ఆఁ" అనేశాను. మలుపు దగ్గర దిగి, తట్ట నెత్తికెత్తుకుంటూ అంది: "నువ్వొత్తన్నావని టీచరమ్మకి నాను సెప్తాను లే. బేగి రా."

ఆ పూట అరకు లాడ్జిలో పడుకుని, మర్నాడు మొదటి బస్సుకి విశాఖ చేరాను. విమానం ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా లేచింది. ఆ తల్లి మూడు గంటలు నడిచొచ్చి మరీ ఆ మాట చెప్పి తీరుతుంది. నేను రాలేనని శ్యామలకి తెలుసు. అయినా ఆ సంత రోజంతా గేటు వైపు చూస్తూనే ఉంటుంది.