ఎండిన గాజుబల్బు

మా కోడలు గాజు గ్లాసులను పొడిగుడ్డతో రుద్దుతుంటే వచ్చే కీచుశబ్దం విన్నప్పుడల్లా, "రుద్దకమ్మా, అద్దు" అన్న మాట నా నోట దానంతటదే వస్తుంది. అది ఖాదర్ సాబ్ మాట. పంతొమ్మిదివందల అరవైలలో మెదక్‌లోని మట్టి పరీక్షల ల్యాబుకు ఆయన పెద్ద, నేను కొత్తగా చేరిన అసిస్టెంటును. మట్టిలో చౌడు సంగతి చెప్పే పీహెచ్ మీటరు మాకు ఒక్కటే ఉండేది. దాని కొసన ఉన్న గాజుబల్బు ఉల్లిపొరంత పలుచన. పని కాగానే దాన్ని కడిగి, అద్దుడు కాగితంతో తడి అద్ది, మళ్లీ నీళ్ల బీకరులో ముంచేదాకా ఆయన టీ కూడా ముట్టేవారు కాదు. చంటిపిల్లకు స్నానం చేయిస్తున్నారని మేం వెనక నవ్వుకునేవాళ్లం.

ఒకసారి హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వచ్చారు. సారు వస్తున్నారన్న భక్తి కొద్దీ మా అటెండరు సాయిలు ముందురోజే బల్బును కూడా మెరిసేలా తుడిచి పెట్టెలో పెట్టేశాడు. ఆ పొద్దున పాపన్నపేట రైతు ఎల్లయ్య మట్టి మూటతో వచ్చి కూర్చున్నాడు. పోయినేడు వేసిన నాటు మాడిపోయింది. ఇప్పుడు మళ్లీ నారు సిద్ధంగా ఉంది. ఆ మడి చౌడైతే నాటకూడదు. నాటితే రెండో పంటా పోయినట్టే.

"ఇతని మట్టే పరీక్షించి చూపించండి" అన్నారు ఆఫీసరు. ఖాదర్ సాబ్ అలవాటుగా ముందు మీటరును సరిచూసుకోవడానికి పీహెచ్ తెలిసిన ద్రావణంలో బల్బు ముంచారు. ముల్లు ఒకచోట నిలవలేదు. "సార్, ఇయ్యాల దీని మాట నమ్మద్దు. బల్బు ఎండింది, రాత్రంతా నానాలె. తప్పు నాదే" అన్నారు. సాయిలు తల వంచుకున్నాడు. "పాపం, పొద్దున్నుంచి కూర్చున్నాడు. సుమారుగా ఒక అంకె చెప్పి పంపేయండి" అన్నారు ఆఫీసరు. "గా సుమారును నమ్మి ఆయన నారు పెడ్తడు సార్. నేను చెప్ప."

ఆఫీసరు మొహం ముడుచుకుని వెళ్లిపోయారు. ఖాదర్ సాబ్ మాత్రం బల్బును నీళ్లలో పెట్టి, "రాండ్రి ఎల్లయ్యా, మా ఇంట్ల ఇంత తిని పండుండ్రి. రేపు పొద్దుగాల చెప్త" అని అతన్ని వెంటబెట్టుకుని పోయారు.

మర్నాడు ముల్లు నిలిచింది. చౌడే. ఎల్లయ్య మిగిలిన మట్టిని మూటగట్టుకున్నాడు. "బతికిచ్చిండ్రు సాబ్. నారు మా తమ్ముని మడిల ఏస్త" అని లేచాడు.

నెల తిరక్కముందే ఖాదర్ సాబ్‌కు బదిలీ అయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన బీకరు ఎత్తి చూసి, తగ్గిన నీళ్లు పోసి, "ఎండనియ్యకు బిడ్డా. తెల్వనినాడు తెల్వదని చెప్పు. రేపు రమ్మను" అన్నారు.

నా సర్వీసులో ఎందరు రైతులకు ఆ మాట చెప్పానో. తిట్టుకుంటూ పోయినవాళ్లున్నారు. మర్నాడు రానివాళ్లు లేరు.